గేటు బయటి కాగితం

గుడివాడ
16 జూన్ 2025

వెంకటపతికి,

నువ్వు ఫోను చేస్తున్నావని తెలుసు. ఎత్తడం లేదు. ఎత్తను. ఫోనులో అన్న మాటకు రేపు ఎవరూ పూచీ పడరు. పోయిన ఏడాది ఆస్పత్రి కౌంటరుకూ పింఛన్ల ఆఫీసుకూ నేను చేసిన ప్రతి ఫోనుకూ "చూస్తామండీ" అనే జవాబు వచ్చింది. ఇప్పుడు అడిగితే అలా అన్నట్టు ఒక్కరూ ఒప్పుకోవడం లేదు. అందుకని ఇకమీదట మన మధ్య కూడా ఏదైనా కాగితం మీదే. నా ఉత్తరాలు రిజిస్టరు పోస్టులో వస్తాయి. అందినట్టు సంతకం పెట్టి తీసుకో.

విషయానికి వస్తాను. మీ అక్క పింఛను, దానితోపాటు డయాలసిస్ కార్డు, పోయిన సెప్టెంబరులో ఎందుకు ఆగిపోయాయో ఆఫీసు వాళ్ళు ఇన్నాళ్ళకు రాతలో చెప్పారు. ఆగస్టులో నోటీసు పంపారట. గడువులోగా జవాబు రాలేదట. నిబంధన ప్రకారం రద్దు చేశారట. ఆ నోటీసు నకలు ఇమ్మన్నాను. లేదన్నారు. అందజేసినట్టు సంతకాలు తీసుకున్న పట్టీ మాత్రం ఉందని దాని నకలు ఇచ్చారు. సుందరి పేరు మీ ఇంటి చిరునామాతోనే నమోదై ఉంది కనక నోటీసు మోపిదేవికే వెళ్ళింది. పట్టీలో అత్తయ్యగారి పేరు, పక్కన ఒక గీత లాంటి సంతకం. తెచ్చి ఇచ్చినట్టు రాసుకున్నది మీ వీధిలో పింఛన్లు, నోటీసులు పంచే ఒప్పంద ఉద్యోగి మోషే.

ఆ సంతకం అత్తయ్యగారిది కాదు. ఆమె ఒక్కో అక్షరం కూర్చి రాస్తారు. పోయిన వారం నేను మోపిదేవి వచ్చింది దీనికోసమే. నువ్వు షాపులో ఉన్నావు. మా ఇంటికి ఏ నోటీసూ రాలేదని ఆమె తరఫున నేనే రాసుకొచ్చాను. చదివి వినిపించాను. ఎప్పటిలాగే తలుపు వారన నిలబడి విన్నారు. కాగితం గడప మీద పెడితే వంగి సంతకం చేశారు.

ఇవాళ సోమవారం. బందరు కలెక్టరాఫీసుకు వెళ్ళి, అర్జీలు తీసుకునే చోట ఫిర్యాదు ఇచ్చి వచ్చాను. నోటీసు ఇవ్వకుండానే ఇచ్చినట్టు దొంగ సంతకం పెట్టాడని మోషే మీద. విచారణ వేస్తామన్నారు.

మంగళ, శుక్రవారాలు సుందరిని డయాలసిస్‌కు తీసుకెళ్ళేవాణ్ణి. ఆ రోజుల్లో ఇప్పటికీ తెల్లవారకముందే మెలకువ వచ్చి లేచి కూర్చుంటున్నాను. చేయడానికి ఏమీ ఉండేది కాదు. ఇప్పుడొక పని ఉంది.

శేషాచలం

మోపిదేవి
24 జూన్ 2025

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరానికి సంతకం పెట్టి తీసుకున్నాను. పోస్టుమాన్ నవ్వాడు, గుడివాడ నుంచి మోపిదేవికి బావ బావమరిదికి రిజిస్టరు పోస్టేమిటండీ, ఆస్తి తగాదానా అని. అవునన్నాను. ఇంకేమి చెప్పను.

ఇక్కడ ఎండలు తగ్గలేదు. కాలవకు ఇంకా నీళ్ళు పూర్తిగా రాలేదు. గుడికి వచ్చే జనం మాత్రం తగ్గలేదు, మంగళవారం వస్తే నా జెరాక్సు మిషనుకు ఊపిరాడదు. పిల్లలకు చెవులు కుట్టించడానికి వచ్చినవాళ్ళు కూడా పనిలో పని అని ఆధార్ కార్డులు జెరాక్సు తీయించుకుంటున్నారు. ఎందుకండీ అంటే ఎప్పుడు ఎవడడుగుతాడో అంటున్నారు. వాళ్ళని చూస్తే అక్కయ్య ఫైలు గుర్తొస్తుంది. నేనే కదా అన్నీ రెండేసి కాపీలు తీసి పంపేవాణ్ణి.

మోషే మొన్న షాపుకు వచ్చాడు. ఫిర్యాదు సంగతి వాడికి అప్పుడే తెలిసిపోయింది. నిలబడే మాట్లాడాడు. నోటీసు ఇచ్చాననే అన్నాడు. నేను నమ్మలేదు. వాడన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను, మీరు కాగితం మీద ఉండాలన్నారు కనక.

"మామ్మగారి చేతిలోనే పెట్టానండీ. చూసి, అక్కడే ఆగమన్నారు, గేటు దాటి లోపలికి తేవద్దన్నారు. సంతకం అడిగితే ససేమిరా అన్నారు. నాకింకా పదిళ్ళు ఉన్నాయి. నేనే గీసుకుని పోయాను."

బావగారూ, మోషే అంత మాట అంటాడని అనుకోలేదు. గేటు బయట నిలబెట్టారంటే దాని అర్థం ఏమిటో వాడికీ తెలుసు, వినేవాళ్ళకీ తెలుసు. వాళ్ళమ్మ రాహేలు మా వసారాలో అమ్మ పక్కన కూర్చుని చింతపండు పిక్కలు తీసిన మనిషి. క్రిస్మస్‌కు వాళ్ళింటి నుంచి కేకు వస్తే అమ్మే ముందు తిన్నది. అటువంటి అమ్మ మీద కులం మాట వేశాడు. అమ్మకు చెప్పలేదు. చెప్పి ఏం లాభం.

మీ ఆరోగ్యం చూసుకోండి. ఒక్కసారి ఫోను ఎత్తితే ఏమీ పోదు.

వెంకటపతి

గుడివాడ
3 జూలై 2025

వెంకటపతికి,

సంతకం తనే గీశానని నీ ముందు ఒప్పుకున్నాడు. చాలు. ఆ మాటలు తేదీ వేసి విడిగా రాసి, సంతకం చేసి, నాకు పంపు. నువ్వు సాక్షివి.

కులం మాట గురించి నువ్వు బాధపడకు. తప్పు చేసినవాడు ముందు తన తప్పును ఇంకొకరి తప్పు వెనక దాస్తాడు. దాన్ని కూడా ఫిర్యాదులో చేర్చాను. ఎనభై దాటిన మనిషి మీద నింద వేశాడని.

నువ్వు అప్పుడు ఇక్కడ లేవు, అందుకని ఒక సంగతి చెప్తాను. సెప్టెంబరులో ఆ శుక్రవారం కౌంటరులో అమ్మాయి కార్డు మిషన్లో పెట్టింది. రద్దు అని వచ్చింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ రద్దు. ఆఫీసులో కనుక్కు రమ్మంది. నేను కనుక్కోవడానికి వెళ్ళాను. సుందరి చక్రాల కుర్చీలో, డయాలసిస్ సూదులు గుచ్చే ఫిస్టులా ఉన్న చేతి మీద చీర కొంగు కప్పుకుని సాయంత్రందాకా కూర్చుంది. నేను తిరిగి వచ్చేసరికి ఆమె కుర్చీని గోడ వారకు తోసి ఉంది, దారికి అడ్డమని. నన్ను చూసి, "రేపు చూద్దాం లెండి, ఇవాళ ఒంట్లో బాగానే ఉంది" అంది. బాగా లేదు. పాదాలు వాచి చెప్పులు పట్టలేదు. తరవాత డబ్బు కట్టి చేయించినవి చేయించాను. చేయించలేనివి వాయిదా వేశాను. డిసెంబరుకు వాయిదా వేయడానికి మనిషి లేదు.

ఆ నోటీసు చేతికి వచ్చి ఉంటే నేను మర్నాడే ఆఫీసులో ఉండేవాణ్ణి. ఒక మనిషి పదిళ్ళు తిరగడానికి బద్ధకించి, ఒక గీత గీశాడు. అతని ఉద్యోగం పోవాలి. అతను ఒక కౌంటరు ముందు నిలబడాలి, పేరు లేదని చెప్పించుకోవాలి, వెనక్కి తిరిగి ఇంటికి వెళ్ళి అదే మాట ఇంట్లో చెప్పాలి. అంతకు తక్కువ నాకు వద్దు.

శేషాచలం

మోపిదేవి
19 జూలై 2025

బావగారికి,

మీరడిగిన కాగితం ఇందులో పెట్టాను. రెండుసార్లు రాసి చించి, మూడోసారి రాసింది. అబద్ధం ఏమీ రాయలేదు, కానీ వాడి మాటలు నా చేతిరాతలో చూస్తే ఇంకోలా ఉన్నాయి.

మోషేని పనిలోంచి పక్కన పెట్టారు. విచారణ తేలేదాకా రావద్దన్నారట. ఈ నెల పింఛన్లు కొత్త కుర్రాడెవరో పంచాడు. వాడికి ఇళ్ళు తెలియక ముసలివాళ్ళంతా అరుగుల మీద మధ్యాహ్నందాకా కూర్చున్నారు. మోషే వెళ్ళి ఇళ్ళు చూపించబోతే, నువ్వు రాకూడదని పంపేశారట.

వాడి భార్య ఝాన్సీ షాపుకు వచ్చింది. బతిమాలుతుందనుకున్నాను. బతిమాలలేదు. కూతురు నిస్సీ స్టడీ సర్టిఫికెట్టు జెరాక్సు తీయించుకుని, డబ్బులు బల్ల మీద పెట్టి, "మీ దగ్గరే తీయించుకుంటున్నానండీ, చూడండి, ఇంకో షాపు ఉండి కూడా" అని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

బజారులో కూడా మాటలు మొదలయ్యాయి. నిన్న టీ కొట్టు దగ్గర గంగన్న అందరూ వింటుండగా, "పంతులుగారూ, మీ గేటుకు తాళం లోపల్నుంచా బయట్నుంచా" అన్నాడు. నలుగురు నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేయను.

అమ్మ సరిగ్గా తినడం లేదు. మోషే రావడం లేదేమని అడిగింది. వేరే ఊరు వేశారన్నాను. ఎవరు వేశారని అడిగింది. ఆఫీసు వాళ్ళన్నాను. తరవాత మీరు ఎలా ఉన్నారని అడిగింది. ఏదో చెప్పబోయి ఆగినట్టనిపించింది. మీ పేరు ఎత్తినప్పుడల్లా అంతే, మీకు తెలుసుగా, అల్లుడి సంగతి ఆవిడ ఎక్కువ మాట్లాడదు.

బావగారూ, చిన్నవాణ్ణి, ఒక మాట అంటాను. సంతకం గీసినందుకు మెమో ఇవ్వమని అడిగి ఇంతటితో ఆపకూడదా? అక్కయ్య ఉంటే ఇంతదూరం పోనిచ్చేది కాదు.

వెంకటపతి

గుడివాడ
26 జూలై 2025

వెంకటపతికి,

అక్కయ్య ఉంటే ఈ గొడవే లేదు. ఆ మాట మళ్ళీ రాయకు.

బజారులో నవ్వారని నువ్వు మెత్తబడ్డావు. ఝాన్సీ ఏమీ అడక్కుండానే నీ దగ్గర రావలసింది రాబట్టుకు వెళ్ళింది. నీ షాపుకు గిరాకీ ముఖ్యం. ఊళ్ళో ఉండవలసినవాడివి. నాకు ఆ ఇబ్బంది లేదు. నాకు ఊరే లేదు.

నీ సాక్ష్యం ఫైల్లో పెట్టాను. వెనక్కి తీసుకుంటానంటే ఆ మాట కూడా రాతలో ఇవ్వు, దాన్నీ పెడతాను. విచారణకు అత్తయ్యగారిని సాక్షిగా పిలవమని అడిగాను. సమన్లు మీ ఇంటికి వస్తాయి. తీసుకురావడం నీ బాధ్యత. ఆమె ఏమీ చెప్పనక్కర్లేదు, నేను రాసిన కాగితంలో ఉన్నది నిజమేనంటే సరిపోతుంది.

అంతవరకూ నాకు రాయనవసరం లేదు.

శేషాచలం

మోపిదేవి
10 సెప్టెంబరు 2025

బావగారికి,

రాయవద్దన్నారు. రాయక తప్పదు. రిజిస్టరు పోస్టు ఎత్తేశారట, ఇక స్పీడు పోస్టేనట. దీన్ని కూడా సంతకం పెట్టించుకునే ఇస్తారన్నారు. దయచేసి పెట్టి తీసుకోండి. వెనక్కి పంపితే నేనే తీసుకొచ్చి మీ గుమ్మంలో చదువుతాను.

8వ తేదీ విచారణకు అమ్మ ఎందుకు రాలేదని మీకు కోపంగా ఉంటుంది. సమన్లు అందాయని ఆఫీసు వాళ్ళు చెప్పారు, అమ్మ రాలేదు, వాయిదా పడింది. నేనే దాచాననుకుంటున్నారు కదూ. నాకు ఆ సమన్లు వచ్చినట్టే తెలియదు. ఎలా వచ్చాయో, ఎలా పోయాయో ఇవాళ తెలిసింది.

ఇవాళ పొద్దున మళ్ళీ ఒకటి వచ్చింది, 29వ తేదీకి హాజరు కమ్మని. నేను షాపుకు బయల్దేరుతూ సైకిలుకు గాలి కొట్టుకుంటున్నాను. కొత్త కుర్రాడు గేటు దగ్గరికి వచ్చి కాగితం అమ్మకిచ్చాడు. అమ్మ గేటు బయటికి వెళ్ళి అందుకుంది. అక్కడే కళ్ళజోడు సవరించుకుని చదివింది. పై వరసలోనే కీ.శే. త్రిపురసుందరి అని ఉంది, ఆవిడకు సంబంధించిన ఫిర్యాదు అని. అంతే, అమ్మ ఆ కుర్రాడితో, ఇలాంటివి లోపలికి తేకు నాయనా, నువ్వూ అక్కడే ఉండు అంది. సంతకం పెట్టనంది. కాగితాన్ని నిలువునా చించి, మళ్ళీ చించి, రోడ్డు దాటి వెళ్ళి కాలవలో వేసింది. గేటు పక్క కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చింది.

మా అమ్మ పద్ధతి అది. చావు కబురు మోసుకొచ్చిన కాగితం గడప దాటకూడదు. పెద్దకర్మ కార్డు ఎంత దగ్గర వాళ్ళదైనా గేటు బయటే చదివి, చించి, నీళ్ళలో వేసి, కాళ్ళు కడుక్కుంటుంది. దాని గురించి ఇంట్లో ఎవరికీ చెప్పదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నదే. ఎదురుగా చూస్తూ కూడా మోషే మాటకు అడ్డమైన అర్థం తీశాను. వాడు లోపలికి తేవద్దన్నారన్నాడు. నేను వాణ్ణే రావద్దందని విన్నాను.

ఎందుకు చించావమ్మా, అవి కోర్టు కాగితాల్లాంటివి అన్నాను. అమ్మ చాపమీద కూర్చుంది.

"దాని పేరు ముందు ఆ అక్షరాలతో మొదటిసారి వచ్చినప్పుడు పిల్ల బతికే ఉందిరా" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమైన తరవాత, ఆ కాగితం మీద ఏముందో అడిగాను. ఆగస్టులో మోషే తెచ్చిన నోటీసు అదే బావగారూ. కీ.శే. త్రిపురసుందరి వారసులకు అని ఉందట. అక్కయ్య చనిపోయిందని ఆఫీసులో ఎవరో రాసుకున్నారు. కాదంటే గడువులోగా వచ్చి చెప్పమని ఆ నోటీసు అయ్యుండాలి. అమ్మ పై వరస దాటి చదవలేదు. బతికున్న కూతురికి చావు కాగితం వస్తే ఏ తల్లి దాచుకుంటుంది, ఎవరికి చెప్తుంది.

ఏం చేయాలో మీరే చెప్పండి.

వెంకటపతి

గుడివాడ
15 సెప్టెంబరు 2025

వెంకటపతికి,

సంతకం పెట్టి తీసుకున్నాను. చదివాను.

నోటీసు నకలు లేదని ఎందుకన్నారో తెలిసింది. నకలు బయట పెడితే బతికున్న మనిషిని చంపి రాసింది తామేనని తేలుతుంది. పట్టీ నకలు మాత్రం అడిగిన వెంటనే ఇచ్చారు. పట్టీలో మోషే ఉన్నాడు. నన్ను అతని మీదికి వదిలారు. నేను వెళ్ళాను.

ఆ కాగితం చదివిన మనిషి ఈ లోకంలో ఒక్కరే ఉన్నారు. 29న అత్తయ్యగారిని బందరు తీసుకురా. అందులో ఏముందో ఆమె నోటితో చెప్పాలి. మోషే ఇచ్చాడని కూడా చెప్పాలి. నేను రాసిన వాంగ్మూలం అబద్ధమని ఆ రోజే నేను చెప్తాను.

ఆమెకు ఎందుకు తీసుకొస్తున్నావో చెప్పి తీసుకురా. ఆ కాగితం కాలవలో వేయడంవల్ల ఏం జరిగిందో ఆమెకు తెలియాలి. ఇన్నాళ్ళుగా నాకొక్కడికే తెలుసు, ఆ కుర్చీ, ఆ గోడ. ఇక నాకొక్కడికే ఎందుకు.

శేషాచలం

మోపిదేవి
21 సెప్టెంబరు 2025

బావగారికి,

తీసుకురాను.

నా చిన్నప్పుడు మీరు నాకు లెక్కలు చెప్పారు. ఇంటర్ తప్పితే ఇంట్లో తిట్టకుండా కాపాడారు. మీకు ఎదురు చెప్పడం ఇదే మొదలు. అమ్మ ఆ కాగితం చించినందుకే ఆ అశుభం దాటిపోయిందని, ఆ నాలుగు నెలలైనా అక్కయ్య ఉందని అనుకుంటూ ఉండవచ్చు. నేను అడగలేదు. ఆ నమ్మకం ఒక్కటే ఆవిడ దగ్గర ఉంటే, దాన్ని తీసి నేలకేసి కొట్టి మీకు వచ్చేదేమిటి.

నేను వచ్చి చెప్తాను. నోటీసు నేనే తీసుకున్నాను, నేనే చదివి చించేశాను అని రాసిస్తాను. పైన ఏమి రాసి ఉందో అదీ చెప్తాను. మోషే ఉద్యోగం మోషేకి వస్తుంది. నన్నేం చేస్తారు, చేసుకోనివ్వండి. షాపు మూసుకుంటాను.

26న విజయవాడలో నా కంటి ఆపరేషన్. తేదీ మార్చడం కుదరదన్నారు. కట్టు విప్పగానే, విచారణ ఇంకో వారానికి పెట్టించుకుని, నేనే వస్తాను. ఆ నాలుగు రోజులు పక్కింటి కృష్ణప్రియ అమ్మను చూసుకుంటానంది. అమ్మ జోలికి వెళ్ళకండి బావగారూ. అక్కయ్య మీద ఒట్టు.

వెంకటపతి

గుడివాడ
8 అక్టోబరు 2025

వెంకటపతికి,

నీ కన్ను నెమ్మదించి ఉంటుంది. చుక్కల మందు మానకు. ఈ ఉత్తరం ఎవరిచేతా చదివించుకోకు, చూపు నిలిచాక నువ్వే చదువు.

ఒట్టు నేను పెట్టుకున్నది కాదు, నువ్వు వేసింది. 29న తొలి బస్సుకే మోపిదేవి వచ్చాను. కృష్ణప్రియ గేటు తీసింది. అత్తయ్యగారికి బందరు వెళ్ళాలని ఆమె ద్వారా చెప్పించాను. పాలు కాచి మూతపెట్టి, ఉతికిన చీర కట్టుకుని, చేతిసంచీ పట్టుకుని బయటికి వచ్చారు. ఎందుకని అడగలేదు.

బస్సులో ఆమె ముందు ఆడవాళ్ళ సీట్లో కూర్చున్నారు. నేను వెనక. చెప్పవలసింది చెప్పకుండానే బందరు వచ్చేస్తుందనిపించింది. చల్లపల్లిలో జనం ఎక్కారు. నిలబడ్డ నన్ను చూసి కండక్టరు, పెద్దావిడ పక్కన కూర్చోండి మాస్టారూ, మీ అమ్మగారేగా అని నన్ను బలవంతాన అక్కడ కూర్చోబెట్టాడు. ఇన్నేళ్ళలో ఆమె పక్కన కూర్చోవడం అదే మొదటిసారి. ఆమె కిటికీ వైపు జరిగారు.

చెప్పాను. నెలల తరబడి మోషే కోసం దాచిపెట్టిన మాటలన్నీ ఆమెకు చెప్పాను. కార్డు, కౌంటరు, కుర్చీ, వాచిన పాదాలు. దేన్నీ తగ్గించలేదు. ఆమె మొహం చూస్తూ చెప్పాను. ఎప్పుడు విరిగిపోతుందో చూడాలని ఉంది. అది కూడా నీకు దాచను.

ఆమె ఏడవలేదు. బయటికి చూస్తూనే అన్నారు.

"తెలుసు నాయనా. ఆస్పత్రిలో కార్డు చెల్లదన్నారని నువ్వు వెంకటపతికి చెప్పిన రోజే తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు. రాసుకొచ్చి చదివావు. సంతకం పెట్టమన్నావు. అల్లుడు రాసుకొచ్చినదాన్ని కాదని ఎట్లా అంటాను?"

నేను డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పి బతికినవాణ్ణి. ఒక మనిషి దగ్గరికి జవాబు రాసుకుని వెళ్ళి, ప్రశ్న అడగడం మరిచాను.

విచారణ అధికారి కుర్రవాడే. మోషే గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. నన్ను చూసి కదల్లేదు. ముందు నేను లేచి, అత్తయ్యగారి పేరు మీద ఇచ్చిన వాంగ్మూలం నేను రాసిందని, అది తప్పని చెప్పాను. తరవాత ఆమెను పిలిచారు. కూర్చోమంటే కూర్చోలేదు.

నోటీసు తన చేతికే వచ్చిందన్నారు. మోషే ఇచ్చాడన్నారు. అతన్ని కాదు, కాగితాన్ని లోపలికి రావద్దన్నానని విడిగా, మోషే వైపు తిరిగి చెప్పారు. పై వరసలో ఏమి రాసి ఉందో, ఎవరికని ఉందో చెప్పారు. ఆ అధికారి తన ముందున్న కాగితాలు అటూ ఇటూ తిరగేసి, పెద్దవారు, చాలాకాలమైంది, సరిగ్గా గుర్తు ఉండకపోవచ్చు అన్నాడు.

"నా పిల్ల చచ్చిపోయిందని మొదట చదివింది నేను బాబూ. మరిచిపోతానా?"

అతను గొంతు తగ్గించి, ఎక్కడో పొరపాటున పడి ఉంటుందమ్మా అన్నాడు. పొరపాటయితే చేసినవాడికి పేరుండాలి కదా, ఆ పేరేమిటని ఆమె అడిగారు. రాసుకునే కుర్రవాడు రాయడం ఆపి అధికారి మొహం చూశాడు. అది కూడా రాసుకో నాయనా అని ఆమె అతనికి చెప్పారు. రాసుకున్నాడు.

మోషేని మర్నాటి నుంచి పనిలోకి తీసుకున్నారు. సంతకం గీసినందుకు మెమో ఇచ్చారు, అది న్యాయమే. బయట అతని దగ్గరికి వెళ్ళాను. పేరు పెట్టి పిలిచాను.

"నా పని నాకొచ్చింది సార్. మీతో నాకు పని లేదు" అని అత్తయ్యగారికి మాత్రం నమస్కారం పెట్టి, ఆమెను మెట్లు దింపి వెళ్ళాడు. అతను క్షమించడు. నేనైనా క్షమించను.

ఆ సాయంత్రం మోపిదేవి బస్సు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె ఎక్కలేదు. గుడివాడ బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగారు. అల్లుడి ఇంట్లో నిద్ర చేయడం ఎప్పుడూ ఎరగని మనిషి, వచ్చి ముందు గదిలో చాప వేసుకున్నారు. ఇక్కడ ఉన్నారని కృష్ణప్రియకు కబురు పంపాను, నీకు చెప్పే ఉంటుంది. మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారని పొద్దున్నే అడిగారు. ఎవరూ రమ్మనలేదన్నాను. రమ్మనకపోతే మనమే వెళ్దామన్నారు. మొన్న సోమవారం వెళ్ళాం. ఆ పేరు ఇంకా విచారణలో ఉందన్నారు. సరే, ఉంటామని చెప్పి, సాయంత్రం తలుపులు వేసేదాకా వరండాలో బల్ల మీద కూర్చున్నాం. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు ఎవరండీ మీరని అడిగితే ఆమే చెప్తున్నారు, మొదటినుంచీ, ఏమీ వదలకుండా. మూడోవాడికి చెప్పేసరికి లోపల కిటికీ మూసేశారు.

నేను నీకు అబద్ధం రాయను. ఆమె మీద నాకు కోపం తగ్గలేదు. వంటింట్లో ఆమె అలికిడి వింటే ఒక్కోసారి లేచి వీధిలోకి వెళ్ళిపోతాను. ఆమెకు నా మీద తగ్గినట్టు కూడా లేదు. అన్నం వడ్డిస్తారు, మాట్లాడరు. కానీ ఇద్దరికీ ఒకే మనిషి కావాలి. అతని పేరు తెలియదు. మొహం తెలియదు. ఎక్కడో ఒక బల్ల ముందు కూర్చుని సుందరి పేరు పక్కన ఆ రెండు అక్షరాలు కొట్టి, టీ తాగడానికి లేచి ఉంటాడు. అతను పదవీ విరమణ చేసినా, బదిలీ అయినా, మేము వదలం.

అత్తయ్యగారి నేత చీరలు నాలుగు, మోకాళ్ళ నూనె, చలికాలం శాలువా ఎవరిచేతైనా పంపు. చాలాకాలం పట్టేట్టుంది.

శేషాచలం